ఆలస్యానికి కారణం పదడుగుల గిటార్

మన షాపు కస్టమర్లందరికీ నమస్కారం.

రిపేరుకిచ్చిన గిటార్లు, అయిదు తీగల మాండొలిన్లు, పికప్ (తీగ కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం, కాయిల్) పెట్టమని వదిలివెళ్లిన వీణలు కొన్ని వారాలుగా ఎక్కడివక్కడే ఉన్నాయని చాలామంది ఫోన్ చేస్తున్నారు. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు అందరికీ ఒకేసారి రాస్తున్నాను. ఒక తెలుగు టీవీ ఛానల్ సంగీత కార్యక్రమం కోసం మామూలు ఎలక్ట్రిక్ గిటార్‌కి మూడింతలుండే గిటార్ తయారు చేస్తున్నాం. నిలబెడితే పదడుగులు. చెన్నై వడపళనిలో మన షాపు ఎంత ఉంటుందో మీకు తెలుసు. అది లోపలుంటే ఇంకో పనికి చోటు లేదు.

ఛానల్ వాళ్లు మొదట అడిగింది థర్మాకోల్ బొమ్మ. పైన రంగు, వెనకాల ట్రాక్ మోగుతుంది. దానికి మేమెందుకు, సెట్ వేసేవాళ్లు చాలు. నిజంగా మోగేదైతేనే చేస్తానన్నాను, ఒప్పుకున్నారు. ఇది రికార్డు కోసం కాదు. అమెరికాలో టెక్సాస్‌లోని కాన్రోలో విద్యార్థులు చేసిన ఫ్లయింగ్ వీ గిటార్ పొడవు 13 మీటర్ల పైనే, 2000లోనే అది మోగింది. దాని పక్కన మనది చిన్నపిల్ల. కానీ కెమెరా దగ్గరికొచ్చినప్పుడు కదిలే తీగే స్పీకర్లో పలకాలి. నా పట్టుదల అంతా అందుకే.

కొలతలన్నీ మూడుతో గుణిస్తే సరిపోతుంది కదా అని చాలామంది అడిగారు. చెక్కకు సరిపోతుంది, తీగకు సరిపోదు. మామూలు గిటార్‌లో మోగే తీగ పొడవు 648 మిల్లీమీటర్లు, మనదాంట్లో 1944. అన్నిటికంటే సన్న తీగ 330 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. అదే తీగను మూడింతల పొడవులో అదే శ్రుతికి తేవాలంటే తొమ్మిదింతలు బిగించాలి. అంత బిగించేలోపే తెగిపోతుంది. లావు తీగ వేయొచ్చు కదా అంటారు. లావుతో పాటు బరువూ పెరుగుతుంది, బిగింపూ అంతే పెంచాలి. ఏ లావు తీసుకున్నా ఉక్కు తీగ తెగేది దాదాపు ఒకే శ్రుతి దగ్గర. అందుకని శ్రుతిని మూడో వంతుకు దించాం. అంటే ఒక స్థాయి, ఆ కింద ఇంకో పంచమం. పై తీగ 110 హెర్ట్జ్, అడుగు తీగ 27.5. పియానోలో ఎడమ చివరి మెట్టు స్వరం అదే. పెద్ద కాన్సర్ట్ పియానోలో ఆ తీగ కూడా సుమారు రెండు మీటర్లే ఉంటుంది కాబట్టి పియానో తీగలే వేశాం. లావు తీగల్లో ఉక్కు మీద రాగి చుట్టి ఉంటుంది. రాగి అయస్కాంతానికి స్పందించదు, లోపలి ఉక్కు ఒక్కటే పికప్‌కి అందుతుంది. అందుకే వాటి కింద పికప్‌ని బాగా పైకి లేపాం.

ఒక్కో తీగ లాగే బలం 70 కిలోల దాకా ఉంది, ఆరూ కలిపితే 400 పైనే. మామూలు గిటార్‌లో మొత్తం 50 కూడా ఉండదు. గిండీలో లేత్ పనివాళ్లు నెక్ లోపలికి ఉక్కు బాక్స్ పైపు చేసిచ్చారు. బిరడాలకు బదులు పియానో పిన్నులు వాడాం.

అసలు టైమ్ తిన్నది హమ్, అంటే కరెంటు లైన్ల నుంచి పికప్‌లోకి వచ్చే గుయ్‌మనే శబ్దం. తీగలెలా పలుకుతాయో చూద్దామని మామూలు సింగిల్ కాయిల్ పికప్‌లతో పూనమల్లి వైపున్న షూటింగ్ ఫ్లోర్‌కి తీసుకెళ్లాం. లైట్లు, ఎల్‌ఈడీ గోడ వేశారు. నాలుగో తీగ మీటితే శబ్దం సెకనుకోసారి ఉబ్బుతూ తగ్గుతూ వచ్చింది. సౌండ్ ఇంజినీర్ శ్రుతి తప్పిందన్నారు. తప్పలేదు. ఆ తీగ శ్రుతి 49 హెర్ట్జ్, మన కరెంటు 50. రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయి. మామూలు గిటార్‌లో హమ్ అడుగు తీగకంటే కింద ఉంటుంది, ఇక్కడ సరిగ్గా వాయిద్యం మధ్యలో కూర్చుంది.

దీనికి మందు గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ 1955లోనే కనిపెట్టారు. రెండు కాయిళ్లను ఒకదానికొకటి వ్యతిరేక దిశలో కలిపి, అయస్కాంతాలనూ తిప్పి పెడితే బయటి హమ్ కొట్టుకుపోతుంది, తీగ శబ్దం మాత్రం కలిసి నిలుస్తుంది. మన గిటార్‌లో తీగల మధ్య దూరం 31 మిల్లీమీటర్లు, కాబట్టి తీగకో జత, మొత్తం పన్నెండు కాయిళ్లు. కాయిల్‌కి చుట్టే తీగ వెంట్రుకంత సన్నం, ఒక్కో కాయిల్‌కి వేల చుట్లు, చేత్తో పట్టి నడిపించాలి. కాస్త గట్టిగా పట్టుకుంటే తెగుతుంది, మళ్లీ మొదటి నుంచి. మీ పికప్‌లు చుట్టే మెషినూ అదే. ఆలస్యమంతా అక్కడే.

వాయించడం సంగతి. మొదటి ఫ్రెట్ (మెట్టు) నట్ (పై చివర తీగలు ఆనే పట్టీ) నుంచి 109 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. ఒక్క చేత్తో కార్డ్ (ఒకేసారి మోగే కొన్ని స్వరాలు) పట్టడం ఎవరి వల్లా కాదు. ఒకరు రెండు చేతులతో నొక్కుతుంటే ఇంకొకరు మీటుతారు. చిత్రవీణ వాయించే ఒక పెద్దాయన వచ్చి, ఉక్కు కడ్డీ తీగ మీద జార్చి గమకం పలికించారు. షాపులో పనులన్నీ ఆగిపోయాయి. టీవీలో చూసేవాళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. ఫోన్ స్పీకర్లో అడుగు తీగ అసలు స్వరం రాదు, దానితోపాటు పుట్టే పై స్వరాలే వినిపిస్తాయి.

డబ్బు విషయం కూడా చెప్పేస్తాను. ఛానల్ ఇచ్చిన అడ్వాన్స్ చెక్కకు, ఉక్కుకు, తీగలకు సరిపోయింది. మా కూలి ప్రసారం అయ్యాకే వస్తుంది. దానికోసం మీ రేట్లు పెంచను. ఆగలేమనుకున్నవాళ్లు అడ్వాన్స్ వెనక్కి తీసుకోవచ్చు, నాకేమీ బాధ లేదు.

ఇక వరస ఇలా ఉంటుంది. డిసెంబర్ సీజన్‌లో కచేరీలున్నవాళ్ల వీణలు, మాండొలిన్లు ముందు. తర్వాత క్రిస్మస్‌కి కావలసిన చర్చి బృందాల గిటార్లు. మిగిలినవి ఇచ్చిన తేదీల ప్రకారం. లాకర్ (చెక్క మీద కొట్టే మెరుపు పూత) పని మాత్రం సంక్రాంతి దాటాకే. ఈ వానల్లో కొడితే తెల్లబారిపోతుంది, అలాంటి ఫినిష్ మీ చేతికివ్వను.

గిటార్ ఫ్లోర్‌కి వెళ్లేలోపు ఏ శనివారం సాయంత్రమైనా వచ్చి మీరే మీటి చూడొచ్చు. పిల్లల్ని తీసుకొస్తే చేయి పట్టుకునే ఉండండి. 70 కిలోల బిగింపులో ఉన్న తీగ తెగితే ప్రమాదం. మీటేవాళ్లకు కళ్లద్దాలు మేమే ఇస్తాం.