బతికే ఉన్నానని వేలిముద్ర

విశాఖపట్నం,
డిసెంబరు 5.

అమ్మలూ,

పెన్షన్ సంగతి అడిగావు కదా, అయిపోయింది. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకుకి మూడుసార్లు తిరిగాను. "వేలిముద్ర పడట్లేదాంటీ, రేపు రండి" అంటాడు ఆ కుర్రాడు. రైల్వే ఆసుపత్రిలో అన్నేళ్లు సబ్బుతో, డెట్టాల్‌తో కడిగిన చేతులివి, గీతలెక్కడ మిగులుతాయి? ఎదురుగా కూర్చున్న మనిషి బతికున్నట్టు కాదట, మెషీన్ ఒప్పుకోవాలట! చివరికి పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చాడు. వేలు చీర చెంగుతో బాగా తుడిపించి, తనే పట్టుకుని గట్టిగా నొక్కించాడు. ఠక్కున పడింది. కాఫీ ఇస్తే, ఇంకా నాలుగిళ్లున్నాయంటూ నిలబడే తాగి వెళ్లాడు.

నిన్న నేవీ డే. బీచ్‌లో విక్టరీ ఎట్ సీ యుద్ధ స్మారకం దగ్గర దండలు వేశారు. వాకింగ్‌కి వెళ్లినదాన్ని కాసేపు ఆగాను. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. వన్‌టౌన్‌లో ఉండేవాళ్లం. కిటికీ అద్దాలకి మీ అమ్మమ్మ మైదా ఉడికించి పేపర్లు అంటించింది. చీకటి పడితే వీధి దీపాలుండవు. ఎవరింట్లోనైనా వెలుగు కనిపిస్తే బయటినుంచి ఈల వేసి, "దీపం ఆర్పండమ్మా" అని కేకేసేవారు. మా మామ్మకి ఇదంతా కొత్త కాదు. 1942 ఏప్రిల్‌లో జపాన్ వాళ్లు ఇక్కడ బాంబులేసినప్పుడు మూటాముల్లె సర్దుకుని ఊరొదిలి పోయిన మనిషి. ఈసారి మాత్రం "నేను కదల్ను" అని మంచం మీదే కూర్చుంది.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక కిటికీలు గడగడలాడాయి. పిడుగేమో అనుకున్నాం. తర్వాత తెలిసింది, పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మన రేవు బయటే పేలి మునిగిపోయిందని. విమానాలు మోసే మన యుద్ధనౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చిందట. మనవాళ్లే ముంచారని మనం, ప్రమాదమని వాళ్లు, ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. అప్పుడు మేం పిల్లలం వీధిలో గెంతులేశాం. అందులో 93 మంది ఉన్నారని ఎప్పుడో పెద్దయ్యాక చదివాను. ఆ ఓడ ఇంకా మన సముద్రం అడుగునే ఉంది. పొద్దున్నే వలలు లాగుతుంటే చూస్తాను కదా, ఒక్కోసారి వాళ్లు గుర్తొస్తారు. శత్రువులే అనుకో. పోయినవాళ్ల తాలూకు కాగితం పట్టుకుని వాళ్ల అమ్మలు కూడా ఏ ఆఫీసుల చుట్టూ తిరిగారో.

కుర్సురా సబ్‌మెరైన్‌ని మ్యూజియం చేసిన కొత్తలో నిన్ను తీసుకెళ్లాం, జ్ఞాపకముందా? ఆ ఇరుకు బెర్తులు చూసి నా కొంగు పట్టుకుని, "ఇందులో పడుకుంటే అమ్మ పిలిస్తే వినబడుతుందా?" అని అడిగావు. ఏం జవాబు చెప్పానో నాకు ఎంత తలచుకున్నా గుర్తుకు రావట్లేదు. నీకు గుర్తుంటే రాయి.

మీ అమ్మ