శీనూ, కొనే ముందు ఒకసారి తూచు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్న కొండల నడకకు చివరికి రోజులు కుదిరాయన్నమాట, చాలా సంతోషంరా. మొదటిసారికి ఐదు రోజులంటే సరిగ్గా సరిపోతుంది. కానీ నువ్వు పంపిన సామాన్ల జాబితాలో సగానికి పైగా వాటి పక్కన "కొనాలి" అని రాసుకున్నావు. అది చూసి ఊరుకోలేక రాస్తున్నాను. ఉత్తరం కాస్త పొడుగే, తీరిగ్గా చదువుకో.

షాపుకి వెళ్ళకముందు ఒక పని చెయ్యి. ఇంట్లో ఉన్నవాటిలో పనికొస్తాయనుకున్నవన్నీ నేల మీద పరిచి, వంటింటి కాటా మీద ఒక్కొక్కటీ తూచి కాగితం మీద రాసుకో. చేత్తో పట్టుకుని తేలిగ్గానే ఉందిలే అనుకోవద్దు. పెద్ద సామాను బరువు ఎవరికైనా తెలుస్తుంది, చిన్న చిన్నవే కలిసి రెండు మూడు కిలోలు అయిపోతాయి. తిండి, నీళ్ళు, స్టవ్ గ్యాస్ తీసేశాక మిగిలే సంచి బరువును ట్రెక్కింగ్ చేసేవాళ్ళు బేస్ వెయిట్ అంటారు. అది 9 కిలోల లోపు ఉంటే తేలిక సంచి కింద లెక్క, 4.5 కిలోల లోపు ఉంటే అల్ట్రాలైట్, అంటే మరీ తేలిక. నువ్వు ఆ రెండో లెక్క జోలికి పోకు. తిండీ నీళ్ళతో సహా మొత్తం బరువు నీ ఒంటి బరువులో ఐదో వంతు దాటకుండా చూసుకో, చాలు. నువ్వు 70 కిలోలుంటే 14 కిలోలన్నమాట.

అల్ట్రాలైట్ ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. ఆ బరువుకి దిగాలంటే ఉన్నవన్నీ పక్కన పడేసి, పల్చటి బట్టతో కుట్టిన కొత్త సరుకు కొనాలి. టెంటు, సంచి, జాకెట్ లాంటి వాటి వల్ల భూమికి జరిగే నష్టంలో ఎక్కువ భాగం అవి తయారయ్యేటప్పుడే జరిగిపోతుంది. కాబట్టి ఇప్పటికే నీ దగ్గరున్న అరకిలో ఎక్కువ బరువున్న సంచి, అది చిరిగిపోయేదాకా, కొత్తదానికన్నా మంచిది. తేలిక, పర్యావరణం రెండూ ఒకటే దారిలో నడుస్తాయని చాలామంది అనుకుంటారు. చాలావరకు నిజమే, తక్కువ మోస్తే తక్కువ కొంటాం. కానీ కొన్నిచోట్ల రెండూ విడిపోతాయి. అక్కడ నేను గట్టిగా ఎక్కువకాలం మన్నేదాని వైపే ఉంటాను, నువ్వూ అలాగే ఉండాలని కోరిక.

ఎమ్మా గేట్‌వుడ్ అని ఒకావిడ ఉండేది, అమెరికాలో. పదకొండు మంది పిల్లల తల్లి. 1955లో, 67 ఏళ్ళ వయసులో, అపలాచియన్ ట్రైల్ అనే పొడవైన కొండల కాలిబాట మొత్తం, అంటే 3,000 కిలోమీటర్ల పైచిలుకు, ఒంటరిగా ఒకే సీజన్‌లో నడిచేసింది. ఆవిడ భుజాన ఉన్నది ఇంట్లో తను కుట్టుకున్న గుడ్డ సంచి. కాళ్ళకు మామూలు కాన్వాస్ బూట్లు. వానకు కప్పుకోవడానికి స్నానాల గదిలో కట్టే ప్లాస్టిక్ తెర. టెంటు లేదు, స్లీపింగ్ బ్యాగూ లేదు. నిన్ను అలా పొమ్మనడం లేదురా, నీకు టెంటు కావాలి. కానీ ఏదైనా కొనాలనిపించినప్పుడల్లా ఆవిడని ఒక్కసారి తలుచుకో.

సంచి, టెంటు, స్లీపింగ్ బ్యాగ్, ఈ మూడింటిలోనే ఎక్కువ బరువు ఉంటుంది. మొదటి నడకకు వీటిలో ఒక్కటీ కొనకు. అడిగి తెచ్చుకో, లేదా అద్దెకు తీసుకో. నీకు ఎలాంటివి నప్పుతాయో ఒకసారి నడిస్తేనే తెలుస్తుంది. తర్వాత కొన్నా సంచిని చివర్న కొను. లోపల పెట్టేవన్నీ తేలిన తర్వాతే ఎన్ని లీటర్ల సంచి కావాలో తెలుస్తుంది. పెద్ద సంచి ముందే కొంటే ఖాళీ చూసి ఏదో ఒకటి కుక్కుతూనే ఉంటాం. స్లీపింగ్ బ్యాగుల్లో బాతు నూగు ఈకలు నింపినవి చాలా తేలిక, జాగ్రత్తగా వాడితే ఏళ్ళ తరబడి ఉంటాయి. తడిస్తే మాత్రం వెచ్చదనం పోతుంది. వానలు పడే చోటికైతే సింథటిక్‌దే మేలు, బరువు ఎక్కువైనా.

బట్టల దగ్గర నీ జాబితా మరీ పెద్దగా ఉంది. రోజుకొక జత అక్కర్లేదు. నడవడానికి ఒక జత, రాత్రి పొడిగా పడుకోవడానికి ఒక జత, మేజోళ్ళు ఇంకొంచెం ఎక్కువ, చలికి ఒక వెచ్చటి పొర, వానకు ఒక జాకెట్. కాటన్ వద్దు. చెమటకి, వానకి తడిసిందంటే ఎంతసేపటికీ ఆరదు, గాలి వీస్తే ఒళ్ళు చల్లబడిపోతుంది, ఎత్తైన చోట అది ప్రమాదం. మెరీనో గొర్రె ఉన్ని తడిగా ఉన్నా చాలావరకు వెచ్చగానే ఉంటుంది, రోజుల తరబడి వేసుకున్నా అంతగా వాసన రాదు. పాలియెస్టర్ త్వరగా ఆరుతుంది కానీ ఉతికినప్పుడల్లా సన్నటి ప్లాస్టిక్ పోగులు నీళ్ళలోకి వదులుతుంది. అలాగని నీ దగ్గరున్న పాలియెస్టర్ టీషర్టులు పారేసి ఉన్నివి కొనకు. ఉన్నవే వేసుకో, తక్కువ సార్లు ఉతుకు.

నీ రెయిన్ జాకెట్ పాడైపోయింది, కొత్తది కావాలి అని రాశావు. బట్ట మీద నీటి బొట్లు నిలవకుండా పీల్చుకుంటోందనేగా? జాకెట్ పోలేదురా, పైన ఉండే పూత అరిగింది. ముందు శుభ్రంగా ఉతికి ఆరెయ్యి, ఒక్కోసారి దానికే బాగుపడుతుంది. కాకపోతే ఆ పూత విడిగా దొరుకుతుంది, మనమే వేసుకోవచ్చు. కొనేటప్పుడు పీఎఫ్ఏఎస్ (నీళ్ళు అంటకుండా ఇలాంటి పూతల్లో కలిపే రసాయనాలు) లేనిదని రాసి ఉందో లేదో చూడు. అవి మట్టిలో, నీళ్ళలో ఎన్నేళ్ళైనా కరిగిపోకుండా అలాగే ఉండిపోతాయి.

ఇక తేలికే గానీ నాకు అస్సలు నచ్చనివి: వెట్ వైప్స్, ఒక్కసారికి వాడే షాంపూ ప్యాకెట్లు. జేబులో బరువే తెలియదు, ఐదు రోజుల్లో గుప్పెడు చెత్త. వైప్స్‌లో చాలావాటిలో ప్లాస్టిక్ పోగులుంటాయి, పాతిపెట్టినా కుళ్ళవు. ఒక చిన్న తువ్వాలు ముక్క తీసుకెళ్ళు, ముఖానికి, చెమటకి, వేడి గిన్నె పట్టుకోవడానికి అదే. సబ్బు ప్రకృతిలో కలిసిపోయే రకమని రాసి ఉన్నా వాగులో నేరుగా వాడకు. అది కుళ్ళి కలిసిపోవాలంటే మట్టి కావాలి. గిన్నెలో నీళ్ళు తీసుకుని వాగుకు 60 మీటర్ల దూరం వెళ్ళి కడుక్కో. మలవిసర్జనకూ అదే దూరం, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గొయ్యి తీసి పూడ్చాలి. దానికి చిన్న తవ్వుగోల తప్పకుండా పెట్టుకో, ఆ బరువు దగ్గర లెక్క చూడకు. టిష్యూ వాడితే కవర్లో వేసి వెనక్కి తెచ్చెయ్యి. తిండి ప్యాకెట్ల అట్టపెట్టెలు, పై కవర్లు ఇంట్లోనే తీసేసి, కడిగి మళ్ళీ వాడుకునే సంచుల్లోకి మార్చుకో. చెత్త కొండ ఎక్కకుండానే ఆగిపోతుంది.

నీళ్ళ గురించి మాత్రం జాగ్రత్తగా విను. లీటరు నీళ్ళంటే ఒక కిలో. దారిలో వాగులు ఎక్కడెక్కడున్నాయో, ఈ కాలంలో వాటిలో నీళ్ళుంటాయో లేదో ముందే కనుక్కుంటే మోసే బరువు ఎంత తగ్గుతుందో చూడు. టైటానియం గిన్నెలు కొన్నా అంత తగ్గదు. ఒక చిన్న ఫిల్టర్ ఉంటే ప్లాస్టిక్ సీసాల్లో నీళ్ళు కొనే అవసరమే రాదు. సన్నటి గొట్టాల ఫిల్టర్లు బ్యాక్టీరియాను ఆపుతాయి, వైరస్‌లను ఆపలేవు. అనుమానం ఉన్నచోట క్లోరిన్ బిళ్ళ వెయ్యి, లేదా బాగా తెర్లేలా ఒక నిమిషం మరిగించు, 2,000 మీటర్ల పైన అయితే మూడు నిమిషాలు. ఇంకోటి, ఒకసారి తడిసిన ఫిల్టర్ గడ్డకట్టిందంటే లోపల చిట్లిపోతుంది, బయటికి ఏమీ కనపడదు. చలి రాత్రుల్లో దాన్ని స్లీపింగ్ బ్యాగ్‌లోనే పెట్టుకుని పడుకో.

బరువు తగ్గించాలనే తొందరలో మందుల డబ్బా, తలకు కట్టుకునే లైటు, వెచ్చటి పొర, కాగితం మ్యాపు తీసెయ్యకు. సూదీ దారం, కొంచెం తాడు, బలమైన టేపు కూడా. టేపు ఉండ మొత్తం వద్దు, నీళ్ళ బాటిల్ చుట్టూ నాలుగు చుట్లు చుట్టుకో. దిండు వద్దు, బట్టల సంచే దిండు. మూడో పుస్తకం, రెండో గిన్నె, విడి కెమెరా, వీటి గురించి నీకే వదిలేస్తున్నా. కెమెరా అంటే నీకెంత ప్రాణమో తెలుసు, అది మోస్తానంటే ఇంకేదైనా తీసెయ్, నేనేమీ అనను.

టెంటు, స్లీపింగ్ బ్యాగ్ నావి తీసుకెళ్ళు. ఆదివారం వచ్చావంటే ఇద్దరం కలిసి ఒకసారి టెంటు వేసి చూద్దాం, చీకట్లో వానలో మొదటిసారి వెయ్యడం కష్టం. టెంటు కడ్డీ ఒకటి పగిలితే తొడుగు వేసి బాగుచేశాను, అది ఊడదీయకు, గట్టిగానే ఉంది. తిరిగొచ్చాక టెంటు పూర్తిగా ఆరిన తర్వాతే మడత పెట్టు, తడిగా ఉంటే బూజు పడుతుంది. స్లీపింగ్ బ్యాగ్‌ని మాత్రం చిన్న సంచిలో కుక్కి ఉంచకు, వదులుగా వేలాడదీసి ఉంచు, నేనొచ్చి పట్టుకెళ్తాను.

నీ
రఘు