బొంత వెనుక పేర్లు ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

హస్తకళల ప్రదర్శనల్లో స్వయం సహాయక సంఘాల మహిళలు కలిసి కుట్టిన అతుకుల బొంతలు అమ్మకానికి వస్తున్నాయి. సంతోషమే. అయితే వాటికి ధర చీటీ, సంఘం పేరు తప్ప కుట్టినవారి పేర్లు ఉండడం లేదు.

ఇటువంటి బొంతకు ఒక్కొక్కరు ఇంటి దగ్గర ఒక్కో బ్లాకు (గుడ్డముక్కలు అతికిన చదరం) కుట్టి పంపితే, చివరికి ఒకరు అన్నింటినీ కలుపుతారు. చుట్టూ పావు అంగుళం కుట్టుకు పోతుంది కనుక, పన్నెండు అంగుళాల బ్లాకు కావాలంటే పన్నెండున్నర అంగుళాలకు రావాలి. ఒక్కో బ్లాకు పావు అంగుళం తగ్గినా నాలుగు బ్లాకుల వరుస ఏకంగా అంగుళం కురచై, పై వరుస అతుకులు కింది వరుసతో కలవవు. ఎర్ర నూలు గుడ్డను ముందుగా ఉతికి ఆరేయకుండా వాడితే, మొదటి ఉతుకులోనే పక్కామె తెల్లముక్క గులాబీ రంగుకు తిరుగుతుంది. ఈ లోపాలు ఎవరివో బృందంలో అందరికీ ఇట్టే తెలిసిపోతాయి గానీ, మంచి పనితనం ఎవరిదో బొంత అమ్ముడయ్యాక ఎవరికీ తెలియదు!

అమెరికాలో 1840ల నాటికే, పడమటి ప్రాంతాలకు వలసపోయే స్నేహితురాలికో, వేరే ఊరికి మారే పాస్టరుకో స్త్రీలు తలా ఒక బ్లాకు కుట్టి, దానిపై చెరగని సిరాతో సంతకం చేసి, అన్నీ కలిపి బొంతగా ఇచ్చేవారు. వాటిలో కొన్ని నేడు మ్యూజియాలలో ఉన్నందువల్ల, చరిత్రలో మరెక్కడా కనిపించని సామాన్య గృహిణుల పేర్లు మనం చదవగలుగుతున్నాం. 1987 అక్టోబర్ 11న వాషింగ్టన్‌లో పరచిన ఎయిడ్స్ స్మారక క్విల్టు (బొంత)లో, మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు గల 1,920 గుడ్డ ఫలకాలు ఉన్నాయి. అక్కడి పేర్లు కుట్టినవారివి కావు, ఆ వ్యాధితో పోయినవారివి. అయినా పేర్లు లేకపోతే ఆ గుడ్డలకు జనాన్ని కదిలించే శక్తి ఉండేది కాదు.

మన ఇళ్లలో పాత చీరలు పొరలుగా పరచి దబ్బనంతో బొంత కుట్టుకున్నంత కాలం పేరు అవసరం రాలేదు, ఏ ముక్క ఎవరి చీరదో ఇంటిల్లిపాదికీ తెలుసు. అదే బొంత అంగడికి వచ్చినప్పుడు సంగతి వేరు. పైవైపు పరాయి పేర్లు ఉంటే కొనేవారు ఇష్టపడరన్న అభ్యంతరం సబబైనదే. కనుక వెనుక వైపు అరచేతి వెడల్పు తెల్లగుడ్డ పట్టీ మీద బ్లాకులు కుట్టినవారి పేర్లు, కలిపినవారి పేరు, ఊరు, సంవత్సరం చెరగని సిరాతో రాయవచ్చు, ఓపిక ఉంటే గొలుసు కుట్టుతో కుట్టవచ్చు. అంచు మడిచేటప్పుడే పట్టీ కొసను అందులోకి పోనిచ్చి కుట్టేస్తే, దళారులు విప్పి పారేయడం అంత సులువు కాదు. పూర్తి పేరు వేయడం ఇష్టం లేనివారు పొడి అక్షరాలు వేసుకోవచ్చు. ఇందుకు అయ్యే ఖర్చు ఒక పీలిక, కాస్త దారం.

సంఘాలు తమంతట తాము ఈ పద్ధతి పాటించాలని, ప్రదర్శనల నిర్వాహకులు స్టాలు కేటాయించే నిబంధనల్లోనే దీనిని చేర్చాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజమహేంద్రవరం