తత్వశాస్త్రం ఎందుకన్న ప్రశ్న గురించి ఉన్నత విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయ ఉన్నత విద్యాశాఖ మంత్రివర్యులకు నమస్కారాలు.

డిగ్రీ కళాశాలల్లో పిల్లలు చేరని కోర్సుల జాబితా తయారైన ప్రతిసారీ తత్వశాస్త్రం పేరు పైవరుసలోనే ఉంటుంది. వెంటనే ఎవరో ఒకరు అడుగుతారు: అసలు ఈ సబ్జెక్టు వల్ల ఉపయోగం ఏమిటి? ఉద్యోగ జీవితమంతా ఆ సబ్జెక్టే చెప్పి పదవీ విరమణ చేసినవాడిని నేను. నేను పనిచేసిన కళాశాలలో ఇప్పుడు ఆ కోర్సు లేదు. ఆ తరగతి నడిచిన గదిలో పాత జవాబుపత్రాల కట్టలు ఉన్నాయి. కనుక ఈ ప్రశ్నకు నొచ్చుకుని, జ్ఞానాన్ని ప్రయోజనంతో కొలుస్తారా అని మీ మీద విరుచుకుపడతానని మీరు అనుకోవచ్చు. అలా చేయను. ప్రశ్న న్యాయమైనదే. అడిగినవారు జవాబు వచ్చేదాకా ఆగడం లేదన్నదే నా ఫిర్యాదు.

బయటివారు సంధించకముందే ఈ ప్రశ్నను తత్వవేత్తలు తమ మీద తామే సంధించుకున్నారు. అమెరికాలో చార్లెస్ శాండర్స్ పర్స్ 1878లో ఒక సైన్సు మాసపత్రికకు వ్యాసం రాస్తూ, భావాలను తేటపరచుకునే పద్ధతి ఒకటి చెప్పాడు. ఒక మాట వర్తిస్తుందని అన్నప్పుడు ఆచరణలో, అనుభవంలో ఏమేమి జరుగుతాయో లెక్క తీయాలి. ఆ లెక్కకు బయట ఆ మాటకు అర్థమేమీ మిగలదు. ఒక వస్తువు గట్టిది అంటే, చాలా వస్తువులు దాన్ని గీరలేవని మాత్రమే. ప్రాగ్మాటిజం ఇక్కడ పుట్టింది. మన బి.ఎడ్. పుస్తకాలు దీన్ని వ్యావహారిక సత్తావాదం అంటాయి. డీఎస్సీకి చదివేవారికి అది జాన్ డ్యూయీ పేరుతో జతపరిస్తే వచ్చే ఒక్క మార్కు.

అమెరికాలోనే మరో తత్వవేత్త విలియం జేమ్స్ ఈ పద్ధతిని సత్యం దాకా లాగాడు. నమ్మినందువల్ల జీవితంలో పనికొచ్చేదే నిజం అన్న ధోరణిలో ఆయన ఇచ్చిన ఉపన్యాసాలు 1907లో అచ్చయ్యాయి. పర్స్‌కు ఈ ధోరణి ముందు నుంచే మింగుడుపడలేదు. 1905లోనే తన సిద్ధాంతానికి పేరు మార్చుకున్నాడు, ఎవరూ ఎత్తుకుపోనంత వికారమైన పేరని తానే చెప్పి మరీ. అసలు దెబ్బ ఇంగ్లండు నుంచి తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్ కొట్టాడు. పోప్‌లు ఎన్నడైనా పొరబడ్డారా లేదా అని తేల్చడం సులువా, పోప్‌లు పొరబడరని నమ్మడం వల్ల లోకానికి మొత్తం మీద మేలు జరుగుతుందా కీడు జరుగుతుందా అని తేల్చడం సులువా అని అడిగాడు. మొదటిదానికి చరిత్ర చూస్తే చాలు. రెండోదానికి అంతు ఎక్కడ?

మంత్రిగారూ, ఈ అభ్యంతరం మీ సమీక్షా సమావేశానికి నేరుగా తగులుతుంది. ఉపయోగం అనేది చేతికందే కొలమానం అనుకుంటాం. ఎవరికి ఉపయోగం, ఎన్నేళ్లలో, ఎవరు లెక్కపెడితే అని అడగగానే అది చేజారుతుంది. అందుకని లెక్కపెట్టడానికి వీలైనదాన్ని, అంటే ప్రాంగణ నియామకాల సంఖ్యను, ఉపయోగం స్థానంలో కూర్చోబెట్టి పని అయిందనుకుంటాం. రస్సెల్, మూర్, విట్‌గెన్‌స్టైన్‌ల నుంచి నడిచిన విశ్లేషణాత్మక తత్వశాస్త్రానికి ఇలాంటి తారుమార్లను పట్టుకోవడమే వృత్తి. ఒక వాక్యం పైకి చెబుతున్నదేమిటి, లోపల అడిగిన ప్రశ్నేమిటి, జవాబు ఆ ప్రశ్నకేనా అని విప్పి చూస్తుంది.

పాఠ్యపుస్తకాల్లో ఈ రెండు సంప్రదాయాలూ ఎడమొహం పెడమొహంగా కనిపిస్తాయి. నిజంలో అంత దూరం లేదు. 1951లో క్వైన్ అనే అమెరికన్ తర్కవేత్త విశ్లేషణవాదుల మూల సూత్రాలు రెండింటిని వాళ్ల పద్ధతిలోనే కూల్చి, ఇది తనను మరింత నిక్కమైన ప్రాగ్మాటిజం వైపు నడిపిందని రాశాడు. మనుషుల మధ్యా అంతే. డ్యూయీ, రస్సెల్ ఏళ్ల తరబడి సత్యం గురించి తగవులాడుకున్నారు. 1940లో న్యూయార్క్ సిటీ కాలేజీలో రస్సెల్ నియామకాన్ని, వివాహం గురించి ఆయన రాతలు నీతిబాహ్యమని చెప్పి, ఒక న్యాయమూర్తి కొట్టేశాడు. అప్పుడు రస్సెల్ పక్షాన నిలబడి, ఆ ఉదంతం మీద పుస్తకానికి సంపాదకత్వం వహించినవారిలో డ్యూయీ ఒకరు. (మన విశ్వవిద్యాలయాల్లో సిద్ధాంత విభేదం ఉన్నవాళ్లు ఒకే టీ బల్ల దగ్గర కూర్చోవడమే అరుదు.)

అదే డ్యూయీ 1917లో మీ ప్రశ్నకు సూటిగా జవాబు రాశాడు. తత్వవేత్తల సమస్యలతో తత్వవేత్తలు కాలక్షేపం చేసే సాధనంగా ఉండటం మాని, మనుషుల సమస్యలను ఎదుర్కొనే పద్ధతిగా మారినప్పుడే తత్వశాస్త్రం కోలుకుంటుందని దాని సారాంశం. ఇది రాయడానికి కొద్దిముందే, 1913 నుంచి 1916 వరకు, కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆయన తరగతుల్లో కూర్చున్న ఒక భారతీయ విద్యార్థి ఉన్నాడు. ఆ విద్యార్థి విగ్రహం లేని మండల కేంద్రం మన తెలుగు నేల మీద అరుదు.

అంబేద్కర్ 1936లో అచ్చు వేయించిన ‘కుల నిర్మూలన’లో డ్యూయీని తన గురువని, ఆయనకు ఎంతో రుణపడ్డానని రాశారు. అందులో నియమానికీ సూత్రానికీ తేడా చూపే భాగం డ్యూయీ దగ్గర నేర్చిన విద్యే. నియమం ఏం చేయాలో చెబుతుంది. సూత్రం ఎలా బేరీజు వేయాలో చెబుతుంది. నియమాన్ని పాటించేవాడికి బాధ్యత ఉండదు, సూత్రాన్ని పాటించేవాడికి తప్పదు. ఆ పనిముట్టుతో ఆయన ధర్మశాస్త్రాలను పరీక్షకు పెట్టారు. 1952 జూన్‌లో గౌరవ డాక్టరేటు అందుకోవడానికి అంబేద్కర్ కొలంబియాకు ప్రయాణమై వెళ్తుండగా డ్యూయీ చనిపోయారు. తన మేధో జీవితమంతా ఆయన చలవేనని అంబేద్కర్ తన భార్యకు ఉత్తరంలో రాశారు.

ఇక ఉపయోగం దగ్గరకు వద్దాం. రాజ్యాంగంలో 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. కానీ అంటరానితనం అంటే ఏమిటో ఎక్కడా నిర్వచించలేదు. 1948 నవంబరు 29న రాజ్యాంగసభలో దీని మీద చర్చ జరిగింది. నజీరుద్దీన్ అహ్మద్ ఆ మాట అస్పష్టంగా ఉందంటూ సవరణ ప్రతిపాదించారు. కె.టి. షా ఇంకాస్త ముందుకు వెళ్లి, కొన్ని రోజుల్లో స్త్రీలను కూడా ముట్టరానివారిగా చూస్తారు కదా, అదీ దీని కిందకు వస్తుందా అని అడిగారు. విశ్లేషణాత్మక తత్వవేత్త అడగవలసిన ప్రశ్న అదే: ఈ మాట పరిధి ఎంత? అంబేద్కర్ సవరణను అంగీకరించలేదు. షా ప్రశ్నకు బదులూ ఇవ్వలేదు. అధికరణ యథాతథంగా ఆమోదం పొందింది.

తర్వాత 1955లో వచ్చిన అంటరానితన నేరాల చట్టం, ఇప్పుడు పౌర హక్కుల పరిరక్షణ చట్టం, నిర్వచనం జోలికి పోకుండా మరో దారి పట్టింది. గుడిలోకి రానివ్వకపోవడం, బావి దగ్గర, కుళాయి దగ్గర నీళ్లు పట్టుకోనివ్వకపోవడం, హోటల్లో, దుకాణంలో అడుగుపెట్టనివ్వకపోవడం, ఆసుపత్రిలో చేర్చుకోకపోవడం అంటూ పనుల జాబితా ఇచ్చింది. బాధితులు షెడ్యూల్డు కులాలవారైతే అది అంటరానితనం కారణంగానే జరిగిందని, కాదని రుజువయ్యేదాకా, కోర్టు భావించాలంది. పర్స్ వ్యాసం పక్కన పెట్టుకుని చదవండి. ఒక భావనకు అర్థం అది లోకంలో చేసే పనుల్లోనే ఉందన్న మాటకు ఇంతకంటే బలమైన ఉదాహరణ నాకు దొరకలేదు. ఇది డ్యూయీ పాఠం ఫలితమే అనడం అతి అవుతుంది. కానీ నిర్వచనం కోసం ఎదురుచూసి ఉంటే బావి దగ్గర నిలబెట్టిన మనిషి ఇంకా అక్కడే నిలబడి ఉండేవాడు.

అలాగని షా ప్రశ్న వృథా పోలేదు. డెబ్బై ఏళ్ల తర్వాత, 2018 సెప్టెంబరు 28న శబరిమల తీర్పులో అది తిరిగి లేచింది. స్త్రీల మీద నిషేధానికి 17వ అధికరణ వర్తిస్తుందని జస్టిస్ చంద్రచూడ్ అన్నారు. అది కులం ప్రాతిపదికగా సాగిన అంటరానితనానికే పరిమితమని జస్టిస్ ఇందు మల్హోత్రా భిన్నాభిప్రాయం రాశారు. ఎవరిది ఒప్పన్నది ఈ లేఖలో తేల్చను. ఇద్దరు న్యాయమూర్తులు ఆ స్థాయిలో వాదించుకోవడానికి కావలసిన శిక్షణ మన డిగ్రీ పిల్లలకు ఎక్కడ ఇస్తున్నారన్నదే నా ప్రశ్న.

ఇంకా దగ్గరి సంగతి చూడండి. మన దగ్గర సంక్షేమ పథకాలకు పేదలను గుర్తించేటప్పుడు కరెంటు వాడకం, నాలుగు చక్రాల బండి, పొలం విస్తీర్ణం చూసిన సందర్భాలు ఉన్నాయి. పేదరికాన్ని నిర్వచించలేం కనుక గుర్తులతో పట్టుకుందామన్నది ఆలోచనగా తప్పు కాదు, ప్రాగ్మాటిక్ పద్ధతే. కానీ ఒకే మీటరు మీద మూడు కాపురాలు ఉన్న ఇంటిని ఊహించండి. యూనిట్లు కలిసి పరిమితి దాటుతాయి, మూడు కుటుంబాలూ ఒక్కసారిగా ధనికులైపోతాయి. ఇక్కడ తప్పు కంప్యూటర్‌ది కాదు, గుమాస్తాది కాదు. ఒక వస్తువు గుర్తును ఆ వస్తువే అనుకున్న ఆలోచనది. సచివాలయం కౌంటరు దగ్గర ‘నేను పేదవాడినే’ అనే మనిషి, ‘సిస్టమ్‌లో కాదని చూపిస్తోంది’ అనే ఉద్యోగి, ఇద్దరూ నిజమే చెబుతున్నారు, వేర్వేరు ప్రశ్నలకు. దాన్ని చూడగలిగే కన్ను తనంతట తాను తెరుచుకోదు. సాధన కావాలి.

ఇది పడమటి సరుకు అని ఎవరైనా అంటే, మన న్యాయశాస్త్రం, అంటే చట్టం కాదు, మన పాత తర్కశాస్త్రం, చూడమనండి. న్యాయసూత్రాలు రాసిన గౌతముడు చెప్పిన పదహారు పదార్థాల్లో, అంటే చర్చించవలసిన అంశాల్లో, మూడోది సంశయం, నాలుగోది ప్రయోజనం. అసలు తెలియనిదాని మీదా, ఇదివరకే తేలిపోయినదాని మీదా న్యాయం ప్రవర్తించదు, సందేహం ఉన్నదాని మీదే ప్రవర్తిస్తుందంటాడు ఆ సూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు. భాష్యం మొదటి వాక్యంలోనే, జ్ఞానం సరైనదని తెలిసేది దాన్ని నమ్ముకుని చేసిన పని ఫలించడం వల్ల అంటాడు. జేమ్స్ చదివి ఉంటే సంబరపడేవాడు; సత్యమంటేనే ఫలితం అని వాత్స్యాయనుడు అనలేదని రస్సెల్ గుర్తు చేసేవాడు. తర్కంలో దేశమంతా మొదటి పుస్తకంగా చదివిన ‘తర్కసంగ్రహం’ రాసిన అన్నంభట్టు మనవాడేనని చెప్పుకుంటాం. కాశీకి పోయినంత మాత్రాన అన్నంభట్టు కాలేరని సామెత కూడా ఉంది. 2020 జాతీయ విద్యావిధానం పుణ్యమా అని భారతీయ జ్ఞాన సంప్రదాయాల పేరుతో పాఠాలు వస్తున్నాయి. సంతోషమే. అయితే వాటిలో సంశయానికి చోటు లేకపోతే, పూర్వీకులకు అన్నీ తెలుసు అని రాయించి మార్కులు వేస్తే, అది కాశీ టిక్కెట్టు కొనివ్వడమే.

ఇప్పుడు తరగతి గది. ఉన్న తత్వశాస్త్రం పాఠ్యప్రణాళికను ఉన్నట్టే కాపాడమని నేను అడగను. ‘ప్రాగ్మాటిజం గురించి వ్యాసం రాయుము’ అన్న ప్రశ్నకు గైడులోని ఐదు అంశాలు దించి వచ్చే పిల్లవాడు పర్స్‌కు అవమానం. మానవ విలువల పేపరు ఇంకా అన్యాయం: సత్యం, అహింస, క్రమశిక్షణ అని వరుసగా రాస్తే చాలు, ఆ వారం ఖాళీగా ఉన్న అధ్యాపకుడెవరైనా చెప్పేయవచ్చు. ఇక కోర్సులో చచ్చిపోయిన సబ్జెక్టు హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ కేంద్రాల్లో బతికే ఉంది. సివిల్స్ మెయిన్స్‌లో 2013 నుంచి నీతిశాస్త్రం పేపరు 250 మార్కులకు తప్పనిసరి, తత్వశాస్త్రం ఐచ్ఛికంగానూ ఉంది. ఆ ఐచ్ఛికం సిలబస్‌లో రస్సెల్ ఉన్నాడు, విట్‌గెన్‌స్టైన్ ఉన్నాడు, క్వైన్ ఉన్నాడు, అంబేద్కర్ కూడా ఉన్నారు. ఆయన గురువు డ్యూయీ లేడు. మీ చుట్టూ కూర్చునే అధికారుల్లో కొందరు ఈ సబ్జెక్టు ఫీజు కట్టి చదివినవారే. ఫీజు కట్టలేని పిల్లలకే దాని ఉపయోగం లేదంటున్నాం.

సెప్టెంబరు 5న మీరు దండ వేసే చిత్రపటంలోని సర్వేపల్లి రాధాకృష్ణన్ రాజమండ్రి ప్రభుత్వ కళాశాలలో తత్వశాస్త్రం చెప్పినవారు, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయినవారు. జేమ్స్‌నూ రస్సెల్‌నూ 1920లోనే తప్పుపట్టి పుస్తకం రాసినవారు. ఆయన వాదన నాకు అంతగా ఒప్పదు. కానీ ఆనాటి ప్రపంచ చర్చలో దిగి తగవు పెట్టుకున్న తెగువ ఇష్టం. గుంటూరు జిల్లా సంగంజాగర్లమూడి నుంచి వచ్చిన కొత్త సచ్చిదానందమూర్తి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇదే సబ్జెక్టు చెప్పి, విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం ఉపాధ్యక్షుడి దాకా వెళ్లారు. ఈ సబ్జెక్టు ఈ నేల మీద నిలవదన్న మాట ఆ చరిత్రకు ఆనదు.

నేను అడుగుతున్నవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. విద్యార్థులు చేరలేదన్న కారణంతో తత్వశాస్త్రం పోస్టులు రద్దు చేసేముందు, ఆ అధ్యాపకులను బి.ఏ. ఒక్కదానికే కట్టేయకుండా, బి.కాం., బి.ఎస్‌సీ. విద్యార్థులకూ ఒక సెమిస్టరు వాదన విశ్లేషణ చెప్పనివ్వండి. విలువల పేపరు వారికే అప్పగించండి. పరీక్షలో వాదాల పేర్లు అడగడం మాని, ఒక ప్రభుత్వ ఉత్తర్వు, ఒక తీర్పులోని పేరా, ఒక ప్రకటన ఇచ్చి, ఇందులో నిరూపించకుండా వదిలేసిందేమిటి, ఈ మాట మారితే ఎవరికి ఏం తేడా వస్తుంది అని అడగనివ్వండి. మీ శాఖ ఉత్తర్వులు కూడా ఆ ప్రశ్నపత్రంలోకి వస్తాయి. దానికి అభ్యంతరం చెప్పకండి.

ఇక కోర్సుల ఎత్తివేత మీద కమిటీ వేస్తే, నివేదిక మొదటి పేజీలోనే ఉపయోగం అంటే తాము దేన్ని లెక్కించారో, దేన్ని వదిలేశారో, ఎందుకు వదిలేశారో రాయమనండి. ఆ పేజీని కళాశాలలకు పంపి, నెల రోజులు అభ్యంతరాలు స్వీకరించండి. నా అభ్యంతరం ఒకటి ఉంటుంది. నేను చదువు చెప్పిన పిల్లల నుంచి ఇంకా పదునైనవి వస్తాయని నా నమ్మకం.

ఇట్లు,
ప్రభుత్వ డిగ్రీ కళాశాల తత్వశాస్త్ర విశ్రాంత ఉపన్యాసకుడు