అడవి ఆకులు, కషాయాలు, వంటలు: మన సంఘం 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ మిత్రులకు, సభ్యులందరికీ నమస్కారం.

ఏడాదిలో చేసిన పనుల నివేదికను కార్యదర్శి సర్వసభ్య సమావేశంలో చదవాలని మన నియమావళిలో ఉంది కాబట్టి చదువుతున్నాను. పోయినసారి హాలులో సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అందుకని ఈసారి దీన్ని అచ్చు వేయించి ఇళ్ళకు కూడా పంపుతున్నాం. రానివాళ్ళు చదవనైనా చదువుతారని ఆశ. కాగితం ఖర్చు భరించిన సభ్యుడు తన పేరు వేయవద్దన్నారు. వారికి మొదటి ధన్యవాదాలు.

అడవిలో, గట్ల మీద దొరికే ఆకులతో వంటలు, కషాయాలు చేసుకోవడానికి ఈ సంఘం పెట్టుకున్నామని మీకు తెలుసు, మళ్ళీ వివరించను. ఈ ఏడాది పని పద్ధతి మాత్రం మారింది. ఆకుల కోసం కొండ ఎక్కడం లేదు. దీని మీద కొందరు సభ్యులకు ఇంకా కినుక ఉంది కాబట్టి కారణం రాతపూర్వకంగా చెబుతున్నాను. శేషాచలం కొండలను 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించారు. అందులోనే 1989 నాటి శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు ఉంది. జాతీయ పార్కులోంచి అనుమతి లేకుండా ఏ మొక్కనూ తీసుకురాకూడదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతుంది. ఎర్రచందనం దొంగల పుణ్యమా అని ఇక్కడి చెక్‌పోస్టుల్లో తనిఖీ ఎలా ఉంటుందో తిరుపతిలో పుట్టినవాళ్ళకు చెప్పక్కర్లేదు. సంచిలో వేర్లు పెట్టుకుని దిగుతూ ‘నన్నారి షర్బత్ కోసమండీ’ అంటే ఎవరు నమ్ముతారు?

పైగా మనకు కావలసిన ఆకుల్లో ముప్పాతిక భాగం నట్టడవిలో ఉండేవి కావు. అటికమామిడి, చెంచలి, పొన్నగంటి, గురుగు, కామంచి, బుడ్డకాకర చేల గట్ల మీద, చెరువు కట్టల కింద, ఖాళీ స్థలాల్లో వానలు పడగానే వాటంతటవే వస్తాయి. తంగేడు రాళ్ళ నేలలో ఎక్కడ చూసినా ఉంటుంది. మనం వాటిని తొక్కుకుంటూ అడవికి పోయేవాళ్ళం. ఇప్పుడు గట్టు మీద ఉన్నవి రైతును అడిగి కోసుకుంటున్నాం. ఒక్క జాగ్రత్త: కలుపుమందు కొట్టిన గట్టు, బండ్ల పొగ పడే రోడ్డు పక్క, మురుగు కాలవ ఒడ్డు, ఈ మూడు చోట్లా ఆకు ఎంత లేతగా ఉన్నా ముట్టవద్దు. పొన్నగంటి మురుగు పక్కన బాగా ఏపుగా పెరుగుతుంది. చూసి మోసపోకండి.

అడవిలో మాత్రమే దొరికేవాటిని యానాది అక్కాచెల్లెళ్ళ దగ్గర కొంటున్నాం. అటవీ హక్కుల చట్టం, 2006, చిన్నతరహా అటవీ ఉత్పత్తులను సేకరించి అమ్ముకునే హక్కును అడవిని నమ్ముకుని బతికే గిరిజనులకు ఇచ్చింది, పట్నంలో ఉద్యోగాలు చేసుకునే మనకు కాదు. మనకు ఆకులు గుర్తుపట్టడం నేర్పడానికి వచ్చిన ఇద్దరు పెద్దమ్మలకు రోజు కూలి, రానుపోను చార్జీలు, భోజనం ఇచ్చాం. ‘నాలుగు ఆకులు చూపించడానికి కూలి ఎందుకు?’ అని కార్యవర్గంలోనే ఒకరు అడిగారు. ఆ నాలుగు ఆకులు ఆయనకు తెలిసి ఉంటే అడిగేవారు కాదు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన మన మాస్టారు కూడా ఆ రోజు వాళ్ళ వెనకాలే నోటుబుక్కు పట్టుకుని నడిచారు. ఆయన పూవు చూస్తే గానీ పేరు చెప్పరు. పెద్దమ్మ ఆకు నలిపి వాసన చూసి చెప్పేస్తుంది. ఇద్దరూ ఒకటే పేరు చెబితేనే దాన్ని వంటింటి పట్టికలో చేర్చాం. ఇకముందు కూడా ఇదే నియమం.

ఆ పట్టిక వెనక పేజీలో ముట్టకూడనివి అచ్చు వేశాం. కొందరు ఆ పేజీ చూడటం లేదని తెలిసింది కనుక ఇక్కడా చెబుతున్నాను. అడవినాభి పూవు చూడటానికి ఎంత అందమో దాని గడ్డ అంత విషం. అడవి దుంపలు తవ్వేటప్పుడు దాన్ని కూడా కలిపేసుకునే ప్రమాదం ఉంది. తగిరిస లేతాకు వండుకుంటారు, దాని చుట్టమే అయిన కసివింద గింజలు తిని ఉత్తరప్రదేశ్‌లో చిన్నపిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గురువింద గింజలు విషమని అందరికీ తెలుసు, అయినా పిల్లల ఆటవస్తువుల్లో కనిపిస్తూనే ఉంటాయి. కామంచి పండ్లు బాగా మాగాకే తినాలి, పచ్చికాయలు వద్దు.

ఇక కషాయాలు. సభ్యులు ఎక్కువ అడిగింది తంగేడు టీ గురించి. విరిసిన పూలు కోసి, పురుగులు దులిపి, నీడలో పలుచగా ఆరబెట్టాలి. ఎండలో పెడితే రంగు పోతుంది. గ్లాసు నీళ్ళకు చెంచాడు పూలు వేసి రెండు మూడు నిమిషాలు మరిగించి వడగట్టడమే. కాస్త వగరుగా ఉంటుంది, బెల్లమో నిమ్మచెక్కో కలుపుకోవచ్చు. పాలు మాత్రం పోయకండి. పాలు పోసి చూసి, బాగాలేదని మాకు ఫోన్ చేసినవాళ్ళు ఉన్నారు. ఎండు ఉసిరి ముక్కలు, శొంఠి, తులసి కలిపిన పొడి చలికాలంలో బాగా పోయింది. నేలవేము కషాయం చేదు గురించి వచ్చిన ఫిర్యాదులకు సంఘం బాధ్యత లేదు, దాని గుణమే అది. గర్భిణులు దాని జోలికి పోవద్దు.

తిప్పతీగ గురించి విడిగా చెప్పాలి. కోవిడ్ రోజుల్లో ఇంటింటా మరిగించి తాగాం. రోజూ తాగిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్టు 2021లో ముంబయి డాక్టర్లు ప్రచురించారు, ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ మాటను ఒప్పుకోలేదు. ఆ వాదం మనం తేల్చేది కాదు. మన శిబిరాల్లో మాత్రం తిప్పతీగ ఇవ్వడం లేదు. మందులు వాడుతున్నవాళ్ళు ఏ కషాయమైనా తమ డాక్టరుకు చెప్పాకే తాగాలి. మనది వంటల సంఘం. వైద్యం చేస్తామని ఎవరైనా మన పేరు మీద పొడులు అమ్మితే కార్యవర్గానికి చెప్పండి.

నన్నారి గురించి ఒక విన్నపం. సుగంధిపాల వేరు అయినా, మనవైపు మారెడు కొమ్ములు అని అమ్మే లావు గడ్డ అయినా, తవ్వితే మొక్కే పోతుంది. మారెడు మొక్క మన తూర్పు కనుమల చుట్టుపక్కల కొండల్లోనే ఎక్కువ, ఇప్పుడు అంతరించే ప్రమాదం ఉన్నవాటి జాబితాలో చేరింది. వాసనకు వనిల్లాను తలపించే ఆ గడ్డను చెక్కు తీసి, నడిమి కట్టె పారేసి, ముక్కలు కోసి మజ్జిగలో ఊరేస్తే ఆ ఊరగాయకు సాటి లేదు, నేను కాదనను. కానీ బస్తాలకు బస్తాలు కొని ఊరేసి అమెరికా పంపడం సంఘం సభ్యులకు తగదు. ఇంటికి చాలినంత కొనండి. షర్బత్ కావాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో నన్నారి సీసాలు దొరుకుతాయి.

ఈ ఏడాదికి మనం గర్వంగా చెప్పుకోదగ్గది కార్తీక వనభోజనం. చంద్రగిరి అవతల ఒక సభ్యుడి మామిడి తోటలో, గట్టు మీద ఉన్న ఉసిరిచెట్టు కింద జరిపాం. తోట ఇచ్చిన అన్నకు, పొయ్యిలు తవ్వి ఇచ్చిన ఆయన పాలేరుకు, ఇత్తడి గుండిగలు అప్పిచ్చిన భజన మందిరం వారికి, రాగిపిండి ఇచ్చిన పలమనేరు బంధువులకు పేరుపేరునా కృతజ్ఞతలు. మామూలు వనభోజనాల్లో పులిహోర, వంకాయ కూర ఉంటాయి. మన విస్తట్లో ఉల్లిపాయ, పచ్చిమిరప తప్ప కొన్న కూరగాయ ఒక్కటి కూడా లేదు. సంగటిలోకి అటికమామిడి, చెంచలి, గురుగు, పొన్నగంటి కలిపిన పులగూర. ఉల్లిపాయ, పచ్చిమిరప, చింతపండు వేసి కుండలో ఉడికించి, వార్చిన నీళ్ళు పక్కన పెట్టి, పప్పుగుత్తితో మెత్తగా ఎనిపి, మళ్ళీ నీళ్ళు కలిపి తిరగమోత పెట్టారు. వడ్డించే పెద్దమ్మ ‘ఇంగ కొంచిం ఏసుకో నాయనా’ అంటుంటే రెండోసారి వద్దన్నవాళ్ళు లేరు. ముళ్ళముస్తె ఆకు చారు జలుబు ఉన్నవాళ్ళు గ్లాసుల్లో తాగారు. బుడ్డకాకర ఆకు రుబ్బి కలిపిన దోసెలు పిల్లలకు పోయలేక పెనం దగ్గరివాళ్ళు అలిసిపోయారు. వానాకాలంలో ఊరేసి దాచిన కలేకాయ ఊరగాయ జాడీ సాయంత్రానికి ఖాళీ.

నల్లేరు మీద బండి నడక అంటారు గానీ నల్లేరు పచ్చడి అంత తేలిక పని కాదు. లేత కణుపులే తీసుకోవాలి, చేతికి నూనె రాసుకుని నారలు లాగాలి, నూనెలో బాగా వేగాలి, చింతపండు దండిగా పడాలి. ఏది తక్కువైనా గొంతు దురద. ముందు రోజు రాత్రి ఆ పనికి పేర్లు ఇచ్చినవాళ్ళలో సగానికి పైగా రాలేదు. చేతులు దురద పెడతాయని వాళ్ళకు ముందే తెలిసినట్టుంది. మహిళా విభాగం అక్కలు అర్ధరాత్రి దాకా కూర్చుని పూర్తి చేశారు. శనిక్కాయలు వేసి వాళ్ళు నూరిన నల్లేరు ఊరిమిండికే ఆ రోజు ఎక్కువ పేరు వచ్చింది. రానివాళ్ళు కూడా బాగా తిన్నారు.

భోజనాలకు ముందు మాస్టారు పొడపత్రి ప్రదర్శన పెట్టారు. ఆకు బాగా నమిలి, కాసేపాగి చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుక తిన్నట్టే ఉంటుంది, తీపి ఆనవాలు ఉండదు. ఆ ఆకులోని పదార్థాలు నాలుక మీద తీపిని గుర్తించే చోటును కాసేపు కప్పేస్తాయని ఆయన వివరించారు. పిల్లలు వరస కట్టారు. తర్వాత వడ్డించిన చక్కెర పొంగలిలో తీపి వేయడం మరిచారని వంట కమిటీని నిలదీశారు కూడా. కమిటీ పెద్దకు మాస్టారి మీద కోపం ఇంకా తగ్గలేదు. వచ్చేసారి ప్రదర్శన భోజనాల తర్వాతే. షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు ఈ ఆకును రోజూ తింటే షుగరు మరీ పడిపోవచ్చు, అదీ ఆ రోజే మైకులో చెప్పాం.

ఆ నెలాఖరున ఫెంగల్ తుపాను వానలు పట్టుకోవడంతో నారు మొక్కలు పంచే కార్యక్రమం వెనకపడింది. చివరికి డిసెంబరులో పంచాం. ముళ్ళముస్తె, పొడపత్రి, సుగంధిపాల, నిమ్మగడ్డి మొక్కలు తీసుకున్నవారు వాటిని బతికిస్తున్నారో లేదో చూడటానికి ఒక కమిటీ వేశాం. ఆ కమిటీ ఇంతవరకు ఒక్కసారి కూడా కూర్చోలేదు.

అధికారుల సంగతి. ఖాళీగా పడి ఉన్న కొంచెం ప్రభుత్వ స్థలంలో ఈ మొక్కల వనం పెంచుకుంటామని, నీళ్ళూ కంచే మావే అని ఒక కార్యాలయానికి దరఖాస్తు ఇచ్చాం. మొదట సరైన సారు సెలవులో ఉన్నారన్నారు. తర్వాత బదిలీ అయ్యారన్నారు. కొత్త సారు ఫైలు చూడలేదన్నారు. మొన్న వెళ్తే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమన్నారు. పెట్టాం, రసీదు నా దగ్గర ఉంది. అయితే అన్ని చోట్లా ఇలాగే లేదు. ఆకులు గుర్తుపట్టే మా నడక తరగతి రోజు ఎదురైన అటవీ శాఖ బీటు సిబ్బంది ఆగి, ఏ గీత దాటకూడదో ఓపికగా చూపించారు. వారికి ధన్యవాదాలు.

లెక్కలు. జమాఖర్చుల పత్రం కోశాధికారి గారు విడిగా ఇస్తారు, ఆడిట్ అయింది, తేడాలు లేవు. వనభోజనానికి అనుకున్నదాని కంటే ఎక్కువైంది, విరాళాలతో సరిపోయింది. చందా బకాయి ఉన్నవారి పేర్లు చదవవద్దని అధ్యక్షులు చెప్పారు కాబట్టి చదవడం లేదు. వాళ్ళకు తెలుసు.

బడి పిల్లలకు ఆకుల ఆల్బం చేయించిన ఇద్దరు టీచరమ్మలకు, ఫొటోలు తీసిన తమ్ముడికి, హాలు తగ్గింపు అద్దెకు ఇచ్చిన కల్యాణ మండపం వారికి, ఆయుర్వేద కళాశాల నుంచి వచ్చి మూడు గంటలు ప్రశ్నలకు జవాబు చెప్పిన వైద్యులకు, ప్రతి సమావేశం ముందు కుర్చీలు వేసి తర్వాత తీసే అబ్బాయికి సంఘం తరఫున కృతజ్ఞతలు. ఎవరి పేరైనా మరిస్తే టీ దగ్గర నన్ను పట్టుకోండి.

సభ ముందు రెండు తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, ఆకులు నేర్పడానికి వచ్చే యానాది పెద్దమ్మలకు ఇచ్చే కూలి పెంచి, వాళ్ళలో ఒకరిని కార్యవర్గంలోకి తీసుకోవడం. రెండు, ఏ పనికైనా పేరు ఇచ్చి రానివాళ్ళు మరుసటి కార్యక్రమంలో గిన్నెలు కడగడం. రెండోదానికి అభ్యంతరాలు ఉంటాయని తెలుసు, లిఖితపూర్వకంగా ఇవ్వండి. చర్చ టీ తర్వాత. తంగేడు టీ, మామూలు టీ రెండూ ఉన్నాయి.

ఇట్లు,
కార్యదర్శి,
తిరుపతి