కంటి ఓపీలోనే లూపస్‌ను పసిగట్టే ఏర్పాటు చేయండి

గౌరవనీయులైన తమిళనాడు ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

నమస్కారములు. లూపస్ అనగానే ముక్కు మీదుగా రెండు బుగ్గలకూ పాకే ఎర్రని దద్దురు, కీళ్ల నొప్పులు గుర్తుకొస్తాయి. అయితే శరీర రక్షణ వ్యవస్థ సొంత అవయవాలపైనే దాడిచేసే ఈ జబ్బులో సుమారు మూడింట ఒకవంతు మందికి కళ్లు కూడా దెబ్బతింటాయి. కొందరిలో జబ్బు మొదట బయటపడేదే కంటిలో. రోగుల్లో పదింట తొమ్మిది మంది స్త్రీలు, ఎక్కువమంది 15 నుంచి 45 ఏళ్ల లోపువారు.

కళ్లు పొడిబారడం అందరికీ వచ్చేదే కనుక ఆ ఒక్కదానికే లూపస్ పరీక్షలు చేయమని నేను కోరడం లేదు. బీపీ, షుగరు లేని యువతి రెటీనాలో (కంటి వెనుక గోడకుండే, చూపునిచ్చే పొరలో) దూదిపింజల్లాంటి తెల్లమచ్చలో రక్తపు చారలో కనిపించినా, కంటి తెల్లగుడ్డు పదేపదే వాచి లోతుగా నొప్పెట్టినా, చూపునరం ఉన్నట్టుండి దెబ్బతిన్నా, అది కంటితో ఆగే సమస్య కాకపోవచ్చు. రెటీనా రక్తనాళాలు వాచాయంటే మూత్రపిండాలను, మెదడును కూడా చూసుకోవాలి.

మా అక్క కూతురికి కన్ను ఎర్రబడినప్పుడల్లా ఒక ఆసుపత్రిలో చుక్కల మందు ఇచ్చి పంపారు. మూత్రపిండాలు దెబ్బతిని మూత్రంలో ప్రొటీన్ పోతున్న సంగతి కాళ్లకు వాపు వచ్చాకే తెలిసింది. ఎంతో చవకైన మూత్రపరీక్ష ముందే చేసి ఉంటే బాగుండేదన్న బాధ మా ఇంట్లో ఇంకా పోలేదు.

1819లో మొదలైన చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రికి నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి మా తెలుగువారు కూడా వస్తారు. సెంట్రల్ స్టేషన్ దగ్గరి రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో లూపస్, కీళ్లవాతం వంటి జబ్బులను చూసే రుమటాలజీ విభాగం ఉంది. రెండూ మద్రాసు మెడికల్ కాలేజీకి అనుబంధమైనవే. పైన చెప్పిన లక్షణాలు కనిపించిన ప్రతి రోగికీ కంటి ఓపీలోనే బీపీ చూసి, మూత్రపరీక్ష, లూపస్ అనుమానం ఉన్నప్పుడు మొదట చేసే ఏఎన్ఏ అనే రక్తపరీక్ష రాసి, రుమటాలజీకి రెఫరల్ చీటీ ఇచ్చేలా లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వండి. ఏఎన్ఏ పాజిటివ్ అయినంత మాత్రాన లూపస్ అని కాదు. నిర్ధారించేది రుమటాలజిస్టే, అందుకే ఆ చీటీ ముఖ్యం.

లూపస్‌కు ఏళ్ల తరబడి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు కూడా మోతాదు మించితే రెటీనాను దెబ్బతీయగలదు. రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు దాటకుండా చూడటంతోపాటు, మొదటి ఏడాదిలో ఒకసారి, ఐదేళ్ల తర్వాత ఏటా కంటి పరీక్ష చేసేలా ఆ ఉత్తర్వులోనే చేర్చవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
చెన్నైలో నివసించే ఒక తెలుగు మహిళ