2024–25 వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులవారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం.

మన శ్రోతల సంఘం ఆశయాలు మీకు తెలిసినవే. మళ్ళీ ఏకరువు పెట్టడం లేదు. నెలనెలా జరగాల్సిన గోష్ఠుల్లో సెప్టెంబరుది జరగలేదు. బుడమేరు వరదలో సగంమంది సభ్యులు మేడ మీద ఉంటే గోష్ఠి ఎలా పెడతాం? ఆ నెల సింగ్‌నగర్ సభ్యుల రికార్డులకు పట్టిన బురద వదిలించడంతోనే సరిపోయింది. మళ్ళీ ఎవరికైనా పనికొస్తుందని ఆ పద్ధతి ఇక్కడ రాస్తున్నాం. బురద ఎండాక గీకకూడదు, గాడి గీసుకుపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కల లిక్విడ్ సోపు వేసి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంటే తిప్పుతూ కడగాలి. మధ్యనున్న లేబుల్ తడవనివ్వకండి. తర్వాత ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి కడిగి, నీడలో నిలబెట్టి ఆరబెట్టాలి. పాత 78 ఆర్‌పీఎం లక్క రికార్డులకు స్పిరిట్ తగిలిందా, ఇక అంతే సంగతులు. తడిసిన అట్టల మీద ఆశ వదులుకోండి.

ఇక ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగ్గది అమెరికా జాజ్ పియానో విద్వాంసుడు హెర్బీ హాన్‌కాక్ రికార్డు ‘హెడ్ హంటర్స్’ శ్రవణ గోష్ఠి. 1973లో వచ్చిన ఈ రికార్డులో పాటలు నాలుగే. మొదటి వైపు రెండు, రెండో వైపు రెండు. గాత్రం లేకుండా, అదీ జాజ్‌ని ఫంక్ అనే నృత్య సంగీతపు దరువు మీదికి ఎక్కించిన సంగీతానికి మన ఊళ్ళో ఎవరొస్తారని కార్యవర్గంలోనే కొందరన్నారు. వేసిన కుర్చీలన్నీ నిండాయి. అలా అన్నవాళ్ళూ వచ్చారు, సంతోషం.

ఏర్పాట్లలో ఎదురైనవి వచ్చే ఏడాది బాధ్యులకు ఉపయోగపడాలని రాస్తున్నాం. టర్న్‌టేబుల్ ఎర్త్ వైరు ఆంప్లిఫయర్‌కి బిగించకపోవడంతో మొదట గుయ్‌మని రొద వచ్చింది, బిగించగానే పోయింది. ముల్లు బరువు రెండు గ్రాములకు సరిచేశాం. అంతకు బాగా తగ్గితే బేస్ గట్టిగా వచ్చేచోట ముల్లు గెంతుతుంది. స్పీకర్లున్న బల్ల మీదే టర్న్‌టేబుల్ పెట్టకూడదని చెప్పినా పెట్టారు. ఆ అదురు ముల్లుకు తగిలి మళ్ళీ స్పీకర్లలోంచి హోరుగా వచ్చింది. చివరికి దాన్ని వేరే స్టూలు మీదికి మార్చాం. మధ్యలో కరెంటు పోతే హాలు ఇన్వర్టర్ మీద నడిపి చూశాం. అది చదరపు తరంగం ఇచ్చే చౌక రకం, ఆంప్లిఫయర్ గుర్రుమంది. ఆపేసి కరెంటు వచ్చేదాకా కాఫీలు తాగాం. చివరి పాట ‘వెయిన్ మెల్టర్’కి ఫ్యాన్లు ఆపించినందుకు తిట్టుకున్నవారు క్షమించాలి. నెమ్మదిగా గుండెచప్పుడులా నడిచే ఆ డ్రమ్ము, బెన్నీ మాపిన్ ఊదిన బాస్ క్లారినెట్ ఫ్యాన్ల హోరులో వినపడవు.

ఇక అభిప్రాయాలు. మొదటి పాట ‘కమీలియన్’ పావుగంట పైనే సాగుతుంది. ఒకే బేస్ వరస అంతసేపు ఏమిటని విసుక్కున్నవారున్నారు. మృదంగం నేర్చినవాళ్ళకి మాత్రం అది ఎక్కడ దొరికిందంటే, ఆ వరస సమం (తాళంలో మొదటి దెబ్బ) మీద మొదలవదు. సమానికి కాస్త ముందు నుంచి మెట్లెక్కుతూ వచ్చి సమం మీద దిగుతుంది. మన లెక్కలో అతీత ఎత్తుగడ. మొదటి స్వరాన్నే సమం అనుకుని తాళం వేసినవాళ్ళంతా హార్వీ మేసన్ డ్రమ్స్ అందుకోగానే తప్పులో కాలేశారు. ఆ వరస పలికింది బేస్ గిటార్ కాదు, ఏఆర్‌పీ ఒడిస్సీ అనే సింథసైజర్. “కరకరలాడే ఆ గిటార్ ఎవరిది?” అని చాలామంది అడిగారు. ఈ రికార్డులో గిటారే లేదు. అది క్లావినెట్. మెట్టు నొక్కితే అడుగున రబ్బరు ముక్క తీగను తాకుతుంది, ఆ ధ్వనిని గిటార్‌కి ఉన్నట్టే పికప్‌లు పట్టుకుంటాయి. అందుకే ఆ భ్రమ.

అసలు చర్చంతా ‘వాటర్‌మెలన్ మ్యాన్’ మీదే నడిచింది. షికాగో సందుల్లో రాళ్ళబాట మీద పుచ్చకాయల బండి చక్రాల చప్పుడు గుర్తుకొచ్చి హాన్‌కాక్ 1962లో కట్టిన పాట ఇది. పదకొండేళ్ళ తర్వాతి ఈ రూపంలో ఎత్తుగడే మారింది. మధ్య ఆఫ్రికా అడవుల్లోని బా-బెంజెలే ప్రజల హిందేవు పద్ధతిని ఈ రికార్డులో తాళవాద్యాలు వాయించిన బిల్ సమ్మర్స్ బీరు సీసా ఊది పట్టుకొచ్చారు. ఒక ఊత, వెంటనే గొంతుతో ఒక కూత, మళ్ళీ ఊత. ఇలాంటి పొరలు ఒకదాని సందులో ఒకటి ఇమిడి దరువు అవుతుంది. మొత్తం దరువు ఎవరి దగ్గరా ఉండదు. డప్పు వాయించే ఒక సభ్యులు దీన్ని చిర్ర, సిటికెన పుల్లలతో విడదీసి చూపించారు. ఆ పది నిమిషాలకే ఆ సాయంత్రం సార్థకమైంది. మనమూ సీసాలు ఊదాం. నీళ్ళు పోసేకొద్దీ లోపలి గాలి స్తంభం పొట్టిదై శ్రుతి పెరుగుతుంది. మూడు సీసాలు మూడు మట్టాలకి నింపుకుంటే చాలు. బీరు సీసాలని కరపత్రంలో వేయడం మా పొరపాటే. హాలువారికి సర్దిచెప్పి, కూల్‌డ్రింకు గాజు సీసాలతో కానిచ్చాం.

అభ్యంతరాలూ నమోదు చేయాలి. అన్నిటినీ కలిపి ‘ఆఫ్రికా లయ’ అనేయడం సరికాదని ఒకరన్నారు. నిజమే. ఈ రికార్డులో వాయించిన గంకోగుయి జంట గంట పశ్చిమాఫ్రికా ఎవే ప్రజలది, సుర్దో ఢోలు బ్రెజిల్ సాంబాది. అడవి జనం పద్ధతి తీసుకుని వారికి ఏమిచ్చారని మరొకరు నిలదీశారు. స్టీవెన్ ఫెల్డ్ వంటి సంగీత పరిశోధకులూ ఈ ప్రశ్న వేశారు. మనవాళ్ళు రెండు పక్షాలై గంటసేపు వాదించుకున్నారు, తేలలేదు. ‘స్లై’ పాటలో నడక హఠాత్తుగా మారేచోట ఇద్దరు ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. అదీ ఒక అభిప్రాయమే. ఫోనులో విని “బేస్ ఏమీ లేదే” అని సందేశాలు పెట్టినవారికి ఒక్క మనవి: అంత చిన్న స్పీకర్ ఆ మంద్రం పలకలేదు.

పేర్లిచ్చిన స్వచ్ఛంద సేవకుల్లో కుర్చీలు మోయడానికి వచ్చింది నలుగురే. మిగతావారు ఫొటోకి వేళకే వచ్చారు. అనుమతి కాగితం కోసం ఒక కార్యాలయం చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో కోశాధికారిగారి పెట్రోలు బిల్లులే చెబుతాయి. ఆ కాగితం గోష్ఠి అయిన మర్నాడు చేతికొచ్చింది.

జమాఖర్చుల పట్టిక విడిగా పంచాం, ఆడిట్ అయింది, దయచేసి ఆమోదించగలరు. చందా బాకీలున్నవారు ఎవరో వారికే తెలుసు.

రికార్డు ఇచ్చిన, టర్న్‌టేబుల్ మోసిన గవర్నర్‌పేట సభ్యులకు, స్పీకర్లు సర్దిన సత్యనారాయణపురం కుర్రాళ్ళకు, కరెంటు పోయినప్పుడు రెండోసారి కాఫీ కాచిన మహిళా విభాగానికి, డప్పు పట్టుకొచ్చినవారికి, కడిగిన సీసాలు తెచ్చినవారికి కృతజ్ఞతలు. మూడు సీసాలు ఇంకా కార్యాలయంలోనే ఉన్నాయి, ఎవరివో వచ్చి తీసుకెళ్ళగలరు.

ఇట్లు,
కార్యదర్శి
విజయవాడ